యథాశక్తి సాధన: దేహం మారితే విధి మారుతుందా?

శరీరంతో చేయవలసిన సాధనను విధించే ప్రతి శాస్త్రమూ తన మాటల వెనుక ఒక శరీరాన్ని ఊహించుకొనే ఉంటుంది. నిటారుగా కూర్చోమన్నప్పుడు వంగని వెన్నును, కాళ్లు మడవమన్నప్పుడు నొప్పి లేని మోకాళ్లను, ఉదయించే సూర్యుణ్ణి చూడమన్నప్పుడు చూపున్న కళ్లను అది ముందే లెక్కలోకి తీసుకుంటుంది. ఆ ఊహకు సరిపడని శరీరం కలవారు, అంటే పక్షవాతంతో ఒక వైపు పట్టు తప్పినవారు, పోలియో వల్ల కాలు సన్నబడినవారు, వెన్నుపాము దెబ్బతిని చక్రాల కుర్చీలో కూర్చున్నవారు, కీళ్లు అరిగిన వృద్ధులు ఆ విధి ముందు నిలిచినప్పుడు రెండు ప్రశ్నలు పుడతాయి. ఆ సాధన వారికి వర్తించదని చెప్పాలా, లేక వారి కోసం దాని రూపాన్ని మార్చాలా అన్నది మొదటిది. మార్చినప్పుడు ఆ మారిన రూపం అసలైన సాధనే అవుతుందా, లేక జాలితో ఇచ్చిన మినహాయింపుగా మిగులుతుందా అన్నది రెండవది. ఇంట్లో చేసుకొనే తేలికపాటి వ్యాయామాలను అందరి శక్తికీ అనువుగా ఎలా మలచాలో ఫిజియోథెరపీ చెబుతుంది కనుక మొదటి ప్రశ్నకు అక్కడ సమాధానం దొరుకుతుంది. రెండవ ప్రశ్న మాత్రం తత్త్వవిచారానికి చెందినది, దానిపై భారతీయ దర్శనాలలో చాలా లోతైన చర్చ జరిగింది.

ఆ చర్చకు మూలస్థానం పూర్వమీమాంస. వేదవిధులను ఎలా అర్థం చేసుకోవాలో నిర్ణయించే ఈ దర్శనంలో, జైమిని సూత్రాల ఆరవ అధ్యాయం ప్రధానంగా అధికారాన్ని, అంటే ఒక కర్మను చేసి దాని ఫలాన్ని పొందడానికి కర్తకు ఉండవలసిన అర్హతను, విచారిస్తుంది. అవయవలోపం ఉన్నవారికి యజ్ఞాధికారం ఉందా అన్న ప్రశ్న అక్కడ సూటిగానే వస్తుంది. యజ్ఞంలో నేతిని చూడవలసిన ఘట్టం ఉంది, అంధుడు దాన్ని చూడలేడు. విష్ణుక్రమమనే పేరుతో కొన్ని అడుగులు వేయవలసిన ఘట్టం ఉంది, కుంటివాడు ఆ అడుగులు వేయలేడు. చికిత్సతో తీరే లోపమైతే దాన్ని తీర్చుకొని యజ్ఞం చేయవచ్చునని, తీరనిదైతే అధికారం లేదని ఆ అధికరణం, అంటే ఒక సందేహాన్ని తీసుకొని నిర్ణయం చేసే ఆ విభాగం, తేల్చింది. ఈ తీర్పు కఠినమైనది, దాన్ని కప్పిపుచ్చవలసిన అవసరం లేదు. సంప్రదాయం అందరినీ ఎల్లవేళలా అక్కున చేర్చుకొన్నదని చెప్పడం చరిత్రకు న్యాయం కాదు; అర్హత పేరుతో తలుపు మూసిన సందర్భాలు అందులో ఉన్నాయి, అవి శరీరలోపానికే పరిమితమైనవి కూడా కావు.

అయితే అదే అధ్యాయపు మూడవ పాదంలో మరొక ప్రశ్న వస్తుంది, అక్కడి నిర్ణయం చాలా దూరం పోతుంది. మీమాంసకులు కర్మలను నిత్యమని, కామ్యమని విభజిస్తారు. అగ్నిహోత్రం వలె ప్రతిదినం చేయవలసినది, మానితే దోషం కలిగించేది నిత్యకర్మ. వర్షం కోసమో సంతానం కోసమో ఒక నిర్దిష్టమైన ఫలాన్ని కోరి చేసేది కామ్యకర్మ. ప్రతి కర్మలోనూ ప్రధానమని, అంగమని రెండు పొరలుంటాయి. ఏది లేకపోతే ఆ కర్మే ఉండదో అది ప్రధానం, దానికి తోడుగా ఉండి దాన్ని పరిపూర్ణం చేసేది అంగం. కామ్యకర్మను చేయదలచినవాడు దాని అంగాలన్నింటినీ నిర్వర్తించి తీరాలి, ఎందుకంటే ఆ ఫలం ఆ పూర్ణరూపానికే ముడిపడి ఉంది, అంత చేయలేనివాడు ఆ కోరికనే విడిచిపెట్టవచ్చు. నిత్యకర్మ విషయంలో అలా కుదరదు. బతికి ఉన్నంతకాలం చేయమన్న విధి జీవితపు అన్ని దశలకూ వర్తిస్తుంది కనుక, వార్ధక్యంలోనూ అనారోగ్యంలోనూ అంగాలు కొన్ని తప్పక జారిపోతాయి కనుక, ప్రధానాన్ని నిలుపుకొని అంగాలను శక్తి ఉన్నంత మేరకు చేస్తే కర్మ నెరవేరినట్లేనని అక్కడి సిద్ధాంతం. దీన్నే యథాశక్తి న్యాయం అంటారు. అంగలోపాన్ని అనర్హతగా చూసిన మొదటి తీర్పునూ, శక్తి ఉన్నంతే చాలునన్న ఈ రెండవ తీర్పునూ పక్కపక్కన పెట్టి చూస్తే, రెండవదే విధి స్వభావాన్ని ఎక్కువగా అర్థం చేసుకొన్నదని చెప్పవలసి ఉంటుంది, ఎందుకంటే అశక్తతను అది ఎవరో కొందరి దురదృష్టంగా కాక ప్రతి జీవికీ ఎదురయ్యే స్థితిగా గుర్తించింది.

దేహసాధనకు ఈ విభజనను అన్వయిస్తే ఎంతో గందరగోళం తొలగిపోతుంది. పోటీలో పతకం కోసం చేసే ఆసనం కామ్యం వంటిది. అక్కడ మోకాలు ఎంత కోణంలో ఉండాలి, చేయి ఎక్కడ ఆనాలి అన్న అంగాలన్నీ పూర్తి కావలసిందే. రోజూ కీళ్లు కదిలేటట్లు, ఊపిరి నిండేటట్లు, మనసు కుదురుకొనేటట్లు చేసే వ్యాయామం నిత్యం వంటిది. ఇళ్లలోనూ యోగశిక్షణ తరగతులలోనూ జరిగే పొరపాటు ఏమిటంటే, నిత్యమైనదానికి కామ్యపు కొలత పెట్టడం. నేల మీద కూర్చోలేని తల్లికి వ్యాయామమే పనికిరాదని ఇంటిల్లిపాదీ నిర్ణయించేటప్పుడు, నేల మీద కూర్చోవడమనే అంగాన్ని ప్రధానంగా పొరబడుతున్నారన్నమాట.

మరి రూపాన్ని మార్చేటప్పుడు దేన్ని మార్చవచ్చు, దేన్ని మార్చకూడదు? దీనికి కూడా మీమాంసలోని ప్రతినిధి విచారణ దారి చూపుతుంది. ప్రతినిధి అంటే విధించిన వస్తువు దొరకనప్పుడు దాని స్థానంలో వాడే మరొక వస్తువు. వ్రీహులు, అంటే వరిధాన్యం, లభించకపోతే నీవారాలనే అడవి వరిని వాడవచ్చు. సోమలత దొరకకపోతే పూతికను వాడవచ్చు. అయితే ఆ ప్రతినిధి మూలవస్తువుకు సాదృశ్యం కలిగి ఉండాలి, చేతికి దొరికిన దేన్నయినా తెచ్చి పెట్టకూడదు. ఇక దేవతకు, అగ్నికి, మంత్రానికి, క్రియకు ప్రతినిధి లేదు. అన్నింటికంటే ముఖ్యంగా, ఎవరి కోసం ఆ కర్మ జరుగుతున్నదో ఆ యజమానికి ప్రతినిధి లేడు.

ఇందులోని సాదృశ్య నియమం ఇంటి వ్యాయామానికి చక్కగా సరిపోతుంది. గుంజిళ్లు తీయలేనివారికి చేతివేళ్లు ఆడించమని చెబితే అది ప్రతినిధి కాదు, ఎందుకంటే గుంజిళ్లు తొడకండరాలకు, పిరుదులకు ఇచ్చే పనిని వేళ్ల కదలిక ఇవ్వదు. గోడకు ఆనించిన గట్టి కుర్చీలో కూర్చొని, అవసరమైతే చేతుల పట్టు ఆసరాతో, నెమ్మదిగా లేచి మళ్లీ కూర్చోవడం సరైన ప్రతినిధి, ఎందుకంటే ఆ కండరాలే ఆ పనే చేస్తాయి, పైగా మంచం మీది నుంచి ఒకరి సాయం లేకుండా లేవడానికి కావలసిన బలం కూడా అదే. బోర్లా పడుకొని దండీలు తీయలేనివారికి నిలబడి అరచేతులతో గోడను నెట్టడం, నిలబడలేనివారికి కుర్చీలో కూర్చొని బల్లను నెట్టడం అదే వరసలో వస్తాయి. పక్షవాతం వచ్చినవారు బలమున్న చేతితో బలం తగ్గిన చేతి వేళ్లను అల్లి పట్టుకొని రెండింటినీ కలిపి పైకెత్తుతారు. చక్రాల కుర్చీలోనివారు ముందుగా బ్రేకులు వేసుకొని భుజాలను, నడుమును తిప్పుతారు. మంచానికే పరిమితమైనవారు పాదాలను చీలమండ దగ్గర ముందుకూ వెనక్కూ కదిలిస్తారు. చూపు లేనివారికి మారవలసినది వ్యాయామం కాదు, దాన్ని నేర్పే పద్ధతి. చేసి చూపడానికి బదులు మాటలతో స్పష్టంగా వర్ణించి, వారి అనుమతితో చేయి పట్టి దిశను తెలపాలి. బుద్ధివికాసంలో వెనుకబడిన పిల్లలకు ఒక్కసారికి ఒక్క కదలికనే, అదే క్రమంలో, విసుగు లేకుండా చూపాలి. గుండెజబ్బు, అధిక రక్తపోటు, ఎముకలు గుల్లబారడం వంటి స్థితులలో ఏది కూడదో వైద్యుణ్ణి అడిగే మొదలుపెట్టాలి, ముఖ్యంగా రక్తపోటు ఉన్నవారు ఊపిరి బిగబట్టి బలం ప్రయోగించరాదు.

యజమానికి ప్రతినిధి లేడన్న నియమం ఇంతకంటే గంభీరమైనది. అశక్తులైన పెద్దలను చూసుకొనే ఇళ్లలో వారి చేతులను, కాళ్లను మరొకరు పట్టి కదిలించడం జరుగుతుంది, కీళ్లు బిగుసుకుపోకుండా ఉండడానికి అది అవసరం కూడా. కానీ అడగకుండా, చెప్పకుండా, నొప్పి పుడుతున్నదా అని ముఖం వంక చూడకుండా ఆ పని చేస్తే, ఎవరి సాధన కావలసిందో ఆ మనిషి యజమాని స్థానం నుంచి ద్రవ్యం స్థానానికి దిగిపోతాడు. కదిలించేది మరొకరి చేయే అయినా, ఎప్పుడు, ఎంతవరకు, ఎక్కడ ఆపాలి అన్న నిర్ణయం ఆ శరీరం ఎవరిదో వారిదే కావాలి. అందరికీ వ్యాయామం అన్న మాటలోని ధర్మసూక్ష్మం ఈ ఒక్కచోటనే ఉన్నదంటే అతిశయోక్తి కాదు.

యోగదర్శనం ఈ విషయంలో మీమాంస కంటే సుముఖంగా ఉంది. పతంజలి ఆసనానికి ఇచ్చిన లక్షణంలో స్థిరత్వం, సుఖం అన్న రెండే ఉన్నాయి. ఏ అవయవం ఎక్కడ ఉండాలో సూత్రం చెప్పదు. వ్యాసభాష్యం పద్మాసనం, వీరాసనం, దండాసనం మొదలైనవాటిని పేర్కొంటూ వాటి మధ్యనే సోపాశ్రయమనే ఆసనాన్ని కూడా చేర్చింది. ఉపాశ్రయం అంటే ఆసరా. దానితో కూడినది సోపాశ్రయం. ఆ భాష్యానికి వ్యాఖ్య రాసిన వాచస్పతి మిశ్రుడు ఆ ఆసరాను యోగపట్టంగా, అంటే కూర్చున్నప్పుడు మోకాళ్లనూ నడుమునూ కలిపి చుట్టే పట్టీగా వివరించాడు. ఆ పట్టీ తెలుగువారికి కొత్తది కాదు. శబరిమల అయ్యప్ప మోకాళ్ల చుట్టూ ఉన్నది అదే, 1528లో హంపిలో చెక్కిన నరసింహుని ఏకశిలా విగ్రహంలో మోకాళ్లను బంధించినదీ అదే. దేవతామూర్తి యోగముద్రకే ఆసరా తగినదైనప్పుడు, కుర్చీ, దిండు, గోడ, తాడు వంటి ఆసరాలతో సాధన చేసేవారిది తక్కువ యోగమని ఎవరూ అనలేరు. 20వ శతాబ్దంలో ఈ ఆసరాలను ఒక పద్ధతిగా తీర్చినవాడు బి.కె.ఎస్. అయ్యంగార్, చిన్నతనంలో క్షయ, మలేరియా వంటి రోగాలతో చిక్కిపోయిన ఆయన, ఇటుకల వంటి చెక్కదిమ్మెలను, పట్టీలను, కుర్చీలను ఉపయోగించి ఎవరి శరీరానికి తగినట్టు వారికి ఆసనాన్ని అమర్చడం నేర్పాడు. ఆయన గురువు తిరుమలై కృష్ణమాచార్య తన బోధనలో తర్వాతికాలంలో సాధనను మనిషికి తగినట్టు మార్చాలి గాని మనిషిని సాధనకు తగినట్టు వంచకూడదన్న దృష్టిని స్థిరపరిచాడు. 13 ఏళ్ల వయసులో రోడ్డు ప్రమాదంలో ఛాతీ దిగువన చలనం కోల్పోయిన అమెరికన్ మాథ్యూ శాన్‌ఫర్డ్ అయ్యంగార్ పద్ధతిలో యోగం నేర్చి, తానే ఉపాధ్యాయుడై ఇతరులకు నేర్పడం ఈ దృష్టి ఫలించిన తీరుకు మంచి నిదర్శనం.

బ్రహ్మసూత్రాల నాలుగవ అధ్యాయంలో ఉపాసన కూర్చొనే చేయాలా అన్న విచారణ ఉంది. కూర్చొనే చేయాలని సూత్రకారుని నిర్ణయం, అయితే శంకరాచార్యులు దానికి చూపిన కారణం గమనించదగినది: నిలబడితే దేహాన్ని నిలబెట్టుకోవడంలోనే మనసు చిక్కుకుంటుంది, పడుకుంటే నిద్ర ముంచుకొస్తుంది. అంటే కూర్చోవడానికి స్వతహాగా పవిత్రత ఏదీ లేదు, మనసు దేహం మీది నుంచి విడుదల కావడమే ప్రయోజనం. ఆ వెనువెంటనే స్థలాన్ని గురించి చెబుతూ, ఏకాగ్రత ఎక్కడ కుదిరితే అక్కడే చేయవచ్చునని, ప్రత్యేక నియమం లేదని సూత్రం తేల్చింది. ఈ కారణాన్ని చివరిదాకా తీసుకుపోతే, నిటారుగా కూర్చోవడానికే తన శక్తినంతా ఖర్చుపెట్టవలసిన మనిషికి పక్కకు ఒరిగి పడుకోవడమే శాస్త్రసమ్మతమైన భంగిమ అవుతుంది. బౌద్ధులు నడవడం, నిలబడడం, కూర్చోవడం, పడుకోవడం అనే నాలుగు ఈర్యాపథాలలోనూ, అంటే నాలుగు దేహస్థితులలోనూ, స్మృతిని, అంటే ఎరుకను, నిలపమని చెప్పడంలో ఇదే తెలివి ఉంది.

ఇక్కడ ఒక బలమైన ఆక్షేపణ ఎదురవుతుంది. క్రియకు ప్రతినిధి లేదని మీమాంస చెప్పింది కదా, ఏ అవయవమూ కదలని స్థితిలో క్రియ ఎక్కడ ఉంది, క్రియ లేనిచోట సాధన ఎలా ఉంటుంది? దీనికి వైశేషిక దర్శనం నుంచి సమాధానం చెప్పవచ్చు. చేతి కదలికకు ఆత్మసంయోగమూ ప్రయత్నమూ కారణాలని కణాదుడు చెప్పాడు. ఆ దర్శనంలో ప్రయత్నం ఆత్మకు చెందిన గుణం, కదలిక దేహానికి చెందిన కర్మ. మొదటిది కారణం, రెండవది కార్యం. నరం దెబ్బతిన్నప్పుడు ఆ కారణకార్యాల మధ్య దారి తెగుతుంది గాని కారణం నశించదు. చేయి ఎత్తాలని సంకల్పించి, ఆ సంకల్పంలో నిలిచి, ఎత్తలేకపోయిన మనిషి ప్రయత్నించలేదని ఈ దర్శనం ప్రకారం చెప్పడం అసాధ్యం. పక్షవాత చికిత్సలో కదలికను మనసులోనే పదేపదే ఊహించే అభ్యాసాన్ని ఇతర వ్యాయామాలతో పాటు నేడు వాడుతున్నారు. సంప్రదాయంలో మానసపూజ ఉంది. జపంలో బయటికి పలికేదానికంటే, పెదవులు మాత్రమే కదిలేదానికంటే మనసులో చేసేదే శ్రేష్ఠమని మనుస్మృతి చెప్పింది. అయితే ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. మానసిక ప్రయత్నం సాధనగా పూర్ణమైనదే అయినా, దేహానికి కావలసిన రక్తప్రసరణను, కీళ్ల సడలింపును అది ఒక్కటే ఇవ్వలేదు కనుక, ఆధ్యాత్మిక గౌరవం పేరుతో దేహసంరక్షణను నిర్లక్ష్యం చేయడం మరొక అన్యాయం.

మార్పును అంగీకరిస్తే సోమరితనానికి తలుపు తెరిచినట్లు కాదా అన్నది మరో ఆక్షేపణ. యథాశక్తి అన్న మాట శక్తి ఉన్నంత మేరకు చేయవలసిందేనని కూడా చెబుతుంది, కొలత ఎవరిదన్నదే అసలు విషయం. ఆయుర్వేదాచార్యులైన సుశ్రుతుడు, వాగ్భటుడు వ్యాయామాన్ని బలంలో సగం వరకే చేయాలని నియమించారు. ఊపిరి నోటి దాకా వచ్చి ఆయాసం తెలియడమే ఆ సగానికి గుర్తని సుశ్రుతసంహిత చెబుతుంది. ఈనాటి వైద్యులు చెప్పే మాట పరీక్ష, అంటే వ్యాయామం చేస్తూ మాట్లాడగలగాలి గాని పాడలేకపోవాలి అన్న గుర్తు, దీనికి దగ్గరి చుట్టమే. ఇందులోని గొప్పతనం ఏమిటంటే కొలబద్ద ఎవరి శరీరంలో వారికే ఉంటుంది; మల్లుని సగబలానికి నూరు గుంజిళ్లు కావచ్చు, ఊపిరితిత్తుల జబ్బు ఉన్నవారి సగబలానికి కుర్చీలో రెండుసార్లు చేతులెత్తడం కావచ్చు, ఇద్దరూ చేసింది సగమే. వాగ్భటుడు వృద్ధులను వ్యాయామం మానమన్నాడన్నది కూడా నిజమే, ఆ మాటను నేటి వైద్యం అంగీకరించదు. 15వ శతాబ్దపు హఠయోగ ప్రదీపికలో స్వాత్మారాముడు యువకుడు, వృద్ధుడు, అతివృద్ధుడు, రోగి, దుర్బలుడు అందరూ అభ్యాసంతో సిద్ధి పొందగలరని చెప్పినదే ఈ కాలానికి అనుసరణీయం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో వెలువరించిన శారీరక శ్రమ మార్గదర్శకాలలో వైకల్యం ఉన్నవారిని మొదటిసారిగా ప్రత్యేకంగా చేర్చి, వారానికి 150 నుంచి 300 నిమిషాల మధ్యస్థ శ్రమను వారిలో పెద్దలకు కూడా సూచిస్తూ, అంత చేయలేకపోయినా కొంత చేయడం ఏమీ చేయకపోవడం కంటే మేలని స్పష్టం చేసింది.

కాళిదాసు కుమారసంభవం ఐదవ సర్గలో, శరీరమే ధర్మసాధనాలలో మొదటిదన్న మాట తపస్సు చేస్తున్న పార్వతిని బ్రహ్మచారి వేషంలో వచ్చిన శివుడు పలకరించే సందర్భంలో వస్తుంది. మెదక్ సీమలోని కొలిచెలమకు చెందిన మల్లినాథసూరి సంజీవని వ్యాఖ్యతో ఆ కావ్యాన్ని చదివిన తెలుగు విద్యార్థులకు ఆ మాట కంఠస్థమే. అయితే వ్యాయామశాలల గోడల మీదికి ఎక్కింది ఆ వాక్యంలోని రెండవ సగం మాత్రమే. మొదటి సగం ఒక ప్రశ్న: నీ శక్తికి తగినట్టే తపస్సు చేస్తున్నావా అని ఆయన ఆమెను అడుగుతాడు, శరీరం మొదటి సాధనమన్నది ఆ ప్రశ్నకు చెప్పిన కారణం. దేహానికి ఇచ్చిన ప్రాధాన్యం దాన్ని హింసించడానికి కాక, దాని శక్తిని ముందు అడిగి తెలుసుకోవడానికి ఆధారమైంది.

ఈ సిద్ధాంతాన్ని చర్చగా వదిలివేయకుండా నిత్యాచరణలో స్థిరపరచిన సంప్రదాయం ఒకటి చూడాలంటే నమాజును చూడాలి. నిలబడే ఖియాం, నడుము వంచే రుకూ, నుదురు నేలకు ఆనించే సజ్దా అనే దేహస్థితులతో కూడిన ఈ ప్రార్థన రోజుకు ఐదుసార్లు విధి. నిలబడి చేయి, చేయలేకపోతే కూర్చొని చేయి, అదీ కాకపోతే పక్కకు పడుకొని చేయి అని ప్రవక్త అనారోగ్యంతో ఉన్న ఒక సహచరునికి చెప్పినట్లు బుఖారీ హదీసు సంకలనంలో ఉంది. కూర్చొని చేసేవారు రుకూకు కొద్దిగా, సజ్దాకు మరికొంత ఎక్కువగా వంగుతారు; అంగం కుదించుకుపోయినా రెండింటి మధ్య భేదం నిలుస్తుంది. హైదరాబాదు మసీదులలో కుర్చీల మీద కూర్చొని జమాతులో, అంటే సామూహిక ప్రార్థనలో, పాల్గొనే పెద్దలు కనిపిస్తారు, వారి నమాజును ఎవరూ సగం నమాజు అనరు. రూపం తగ్గినప్పటికీ విధి పూర్తయినట్లే లెక్కించడం ఇంత స్పష్టంగా మరెక్కడా కనిపించదు.

భారతదేశంలో 2011 జనగణన ప్రకారం వికలాంగులు 2.68 కోట్ల మంది. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించి, సముచితమైన సర్దుబాటును దయగా కాక హక్కుగా ప్రకటించింది. చట్టం ఆ మాట చెప్పడానికి ఎన్నో శతాబ్దాల ముందే యథాశక్తి న్యాయం దాన్ని తర్కంతో నిరూపించింది. యోగ తరగతులు నడిపేవారు, ఆలయాలలోనూ సామాజిక భవనాలలోనూ ప్రాతఃకాల వ్యాయామాలు నేర్పేవారు, ఇంట్లో పెద్దలకు కసరత్తు చేయించే పిల్లలు ఇకనైనా కుర్చీని వెనుక వరసలో మూలకు వేయడం మానాలి. కూర్చొని చేసే రూపాన్ని, పడుకొని చేసే రూపాన్ని నిలబడి చేసే రూపంతో పాటే, అదే సమయంలో, అదే గౌరవంతో చూపాలి, మొదలుపెట్టే ముందు ఎదుటి మనిషిని నీకు ఈ రోజు ఎంత వీలవుతుందని అడగాలి.